బురదలో ఇంటర్ యాక్సిల్ లాక్ వేసే ముందు జాగ్రత్తలు

పది టైర్ల టిప్పర్‌లో వెనక రెండు యాక్సిళ్లకూ (ఇరుసులకూ) ఇంజిన్ బలం సమానంగా వెళ్తుంది. ఒక చక్రం బురదలో గిర్రున తిరిగిందంటే, గట్టి నేల మీదున్న రెండో యాక్సిల్‌కీ అంతే తక్కువ బలం అందుతుంది. బండి కదలదు. రెండు యాక్సిళ్లనూ కలిపి ఒకటిగా తిప్పే ఇంటర్ యాక్సిల్ లాక్ ఉన్నది అందుకే.

స్విచ్ నొక్కే ముందు:

• చక్రాలు పూర్తిగా ఆగాయా? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. యాక్సిలరేటర్ వదిలి, తిరగడం ఆగాకే లాక్ వేయండి. తిరుగుతుండగా వేస్తే లోపలి పళ్లు కొట్టుకుని విరుగుతాయి. అలాంటి ఒక బండికి షెడ్డులో డ్రెయిన్ ప్లగ్ విప్పితే, నల్లటి ఆయిల్‌తో పాటు గోరంత ఇనుప ముక్కలు రాలడం నేను చూశాను. చాలా బాధనిపించింది.

• ఎయిర్ ప్రెషర్ సరిపడా ఉందా? లాక్ పడేది ఆ గాలి ఒత్తిడితోనే.

• రెండు యాక్సిళ్ల టైర్లు ఒకే సైజులో, ఒకేలా అరిగి ఉన్నాయా? ఒకదానికి కొత్తవి, ఇంకోదానికి అరిగినవి ఉంటే లాక్ వేసినప్పుడు ఆ తేడా అంతా గేర్ల మీద పడుతుంది.

• ఏ చక్రమైనా జాకీ మీద ఉంటే గేరు వేయొద్దు. బండి జాకీ మీంచి దూకేస్తుంది.

• టైర్ల ముందు బురద తీసి కంకర పోయండి.

బురద దాటగానే, తారు రోడ్డు ఎక్కకముందే లాక్ తీసేయండి. డాష్‌బోర్డ్ మీద లైటు ఆరిందో లేదో చూసుకోండి. ఆరకపోతే టెన్షన్ పడకుండా యాక్సిలరేటర్ వదిలి, బండిని కాస్త వెనక్కీ ముందుకీ కదపండి.