మినీ ట్రాక్టరుకు ట్రైలరు: తొలకరికి ముందే చూసుకోవలసినవి

యలహంకలో కాపురం, హిందూపురం పక్కన పొలం. బెంగళూరు తెలుగువాళ్ళలో ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి, మాదీ అలాంటిదే. దొడ్డబళ్ళాపురం దగ్గర మా అన్నయ్య మల్బరీ తోట, హిందూపురం వైపు నా వేరుశనగ చేను, రెండింటికీ కలిపి 24 హార్స్‌పవర్ మినీ ట్రాక్టరు ఒక్కటే. రోహిణి కార్తె చివర రెండు వానలు పడి నేల మెత్తబడగానే దాన్ని గౌరీబిదనూరు మీదుగా 60 కిలోమీటర్ల పైన తరలించాలి. అంత దూరం తారు రోడ్డు మీద నడుపుకుంటూ వెళితే దుక్కి టైర్ల గట్లు అరిగిపోతాయి, వెనక వచ్చే బళ్ళకూ ఇబ్బంది. కొన్ని దారుల్లో అసలు వీలు కాదు. బెంగళూరు-మైసూరు రహదారి ప్రధాన వరుసల్లో 2023 ఆగస్టు 1 నుంచి ట్రాక్టర్లకు ప్రవేశం లేదు. అందుకే ట్రాక్టరును పైకెక్కించి పికప్పు లాంటి బండి వెనక లాగించుకెళ్ళే ట్రైలరు కొనాలని చాలామంది అనుకుంటారు. తొందరంతా విత్తనాల వేళే ఉంటుంది కాబట్టి ఈ పని మే నెలలోనే ముగించుకోండి.

ముందు ఒక మాట. ఏడాదికి ఒక్కసారే తరలించేవారు ట్రైలరు కొనవద్దు. ట్రాక్టరు బరువును మోయగల పికప్పునో చిన్న లారీనో అద్దెకు తీసుకుని, పైకెక్కించి కట్టుకుని వెళ్ళడం మేలు. సొంత ట్రైలరు అంటే టైర్లు, బేరింగులు, బ్రేకులు, వైరింగు, కాగితాలు అన్నీ మీ మీద పడతాయి. ఏడాదిలో నాలుగైదు సార్లు తిప్పేవారికే అది గిట్టుబాటు.

కొనాలని నిర్ణయించుకుంటే మొదట వెళ్ళవలసింది వేబ్రిడ్జికి, అంటే బళ్ళను తూచే కాటాకు. ట్రాక్టరు కరపత్రంలో రాసిన బరువు చూసి ట్రైలరు ఎంచుకోవడమే అందరూ చేసే మొదటి పొరపాటు. ఉదాహరణకు కరపత్రంలో 800 కిలోలు ఉందనుకోండి. రోటవేటర్ 200, గొర్రు 120, పట్టు కోసం వెనక టైర్లలో నింపిన నీళ్ళు 100 (లీటరు నీరు కిలో బరువు), డీజిలు క్యాను, పనిముట్ల పెట్టె 40. అన్నీ కలిపితే 1,260 కిలోలు. ట్రైలరు సొంత బరువు 450 వేసుకుంటే 1,710. మీ బండి లాగవలసింది ఈ 1,710. ఆ బండి ఎంత బరువు లాగగలదో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూడండి. బ్రేకులున్న ట్రైలరుకు ఒక అంకె, లేనిదానికి మరొకటి ఉంటాయి. అసలు ట్రైలరు తగిలించవద్దని రాసి ఉంటే అక్కడితో ఆ ఆలోచన మానుకోండి. ఇంజనుకు బలం ఉందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. లాగడం ఏ బండైనా లాగుతుంది, వాలులో ఆపగలదా అన్నదే చూడాలి.

అందుకే బ్రేకుల విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. యూరప్ దేశాల్లో మొత్తం బరువు 750 కిలోలు దాటే ట్రైలరుకు సొంత బ్రేకులు తప్పనిసరి. మన దగ్గర వర్క్‌షాపుల్లో చేసి ఇచ్చే ట్రైలర్లలో చాలావాటికి బ్రేకులే ఉండవు, అడిగితే తప్ప పెట్టరు. ముందు బండి వేగం తగ్గినప్పుడు ట్రైలరు ముందుకు తోసుకొచ్చే ఒత్తిడితోనే పనిచేసే ఓవర్‌రన్ బ్రేకులున్నాయి. కనీసం అవైనా పెట్టించుకోండి. వేగం 40 నుంచి 60కి పెరిగితే, ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి రెండింతలకు మించి పెరుగుతుంది. తడి రోడ్డు మీద టైర్ల పట్టు కూడా తగ్గుతుంది.

ఇరుసు ఎక్కడ ఉందో చూడటం రెండోది. మా మొదటి ట్రైలరును ఒక వర్క్‌షాపులో చేయించాం. ఇరుసు సరిగ్గా ట్రైలరు పలక (ట్రాక్టరు నిలబడే అడుగుభాగం) నడిమధ్య పెట్టారు. బరువు సమంగా పడుతుందని వాళ్ళన్నారు, మాకూ సబబుగానే తోచింది. మాకళిదుర్గం దాటాక ఒక దిగుడులో ట్రైలరు తోక అటూ ఇటూ ఊగడం మొదలైంది. ఒక్కో ఊపుకు పికప్పు వెనక భాగం కూడా పక్కకు జరిగింది. పక్క సీట్లో మా అన్నయ్య కొడుకు ఉన్నాడు. ఆ అర నిమిషం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి బయటపడ్డాం.

జరిగింది ఇది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ట్రైలరు ముక్కు మీద, అంటే హుక్కు మీద ఆనాలి. మన లెక్కలో 170 నుంచి 255 కిలోలు. అంతకన్నా తగ్గితే ట్రైలరు ఊగుతుంది, మరీ పెరిగితే లాగే బండి వెనక కమాన్లు కుంగి ముందు చక్రాలకు పట్టు పోతుంది. హుక్కుకు కూడా ముక్కు బరువు ఇంతవరకేనని ఒక హద్దు ఉంటుంది, అది దాటకూడదు. ఇరుసు నడిమికన్నా కాస్త వెనక ఉండాలి. ట్రాక్టరును ముందుకీ వెనక్కీ జరిపి సరిచూసుకోవడానికి పలక మీద రెండు అడుగుల ఖాళీ కూడా కావాలి. కొలవడం కష్టం కాదు. ట్రైలరు చక్రాలను వేబ్రిడ్జి బయట ఉంచి, ముక్కు కింది జాకీని మాత్రం దాని మీద ఆనించి చూడండి. సరైన చోటు దొరికాక పలక మీద రంగుతో గీత గీయండి. ప్రతిసారీ ముందు చక్రాలు ఆ గీత దగ్గరే ఆగాలి.

ఒకవేళ ఊగితే బ్రేకు గట్టిగా తొక్కవద్దు, స్టీరింగు తిప్పి సరిచేయాలని చూడవద్దు, వేగం పెంచవద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని బండిని దానంతట అది నెమ్మదించనివ్వాలి.

ట్రాక్టరును ట్రైలరు మీదికి ఎక్కించడానికి వాలుగా వేసే పలకలు పొడవుగా ఉండేవి తీసుకోండి. రెండు అడుగుల ఎత్తున్న ట్రైలరుకు ఎనిమిది అడుగుల పలకలు వేస్తే వాలు 14 డిగ్రీల చిల్లర. అయిదు అడుగులవి వేస్తే 23 దాటుతుంది. వెనక రోటవేటర్ వేలాడుతుండగా అంత నిటారుగా ముందుకు ఎక్కిస్తే ముందు చక్రాలు గాలిలోకి లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. ప్రాణాలు పోయేది ఇక్కడే. రోటవేటర్ విప్పి విడిగా ఎక్కించండి. బురద టైర్లతో నున్నని ఇనుప రేకు మీదికి ఎక్కించడం కూడా అంతే ప్రమాదం, పలకల మీద అడ్డంగా ఇనుప పట్టీలు వెల్డింగు చేయించుకోండి.

ఎక్కించేముందు ట్రైలరు లాగే బండికి తగిలించే ఉండాలి. నేల చదునుగా ఉండాలి, చక్రాలకు అడ్డుదిమ్మెలు, తోక కింద రెండు స్టాండ్లు పెట్టాలి. స్టాండ్లు లేకపోతే ట్రాక్టరు బరువు తోక మీద పడగానే ముక్కు పైకి లేచి పికప్పు వెనక చక్రాలను తేలుస్తుంది. ట్రాక్టరుకు ఎడమ, కుడి బ్రేకు పెడళ్ళు విడివిడిగా ఉంటాయి కదా, రెండింటినీ కలిపే గొళ్ళెం తప్పక వేయండి. ఒక్క పెడలే నొక్కుకుంటే ట్రాక్టరు పలక మీంచి పక్కకు తిరుగుతుంది. నాలుగు చక్రాల డ్రైవు, అన్నిటికన్నా తక్కువ గేరు వేసి, మధ్యలో క్లచ్ నొక్కకుండా ఎక్కించాలి. చుట్టుపక్కల, ముఖ్యంగా వెనక, మనిషి ఉండకూడదు. పొలాల దగ్గర పిల్లలు చూడటానికి పరుగెత్తుకొస్తారు, వాళ్ళను దూరంగా పట్టుకోవడానికి ఒకరిని నిలబెట్టండి.

కట్టేటప్పుడు నైలాన్ తాళ్ళను నమ్మవద్దు, తడిస్తే సాగుతాయి. నాలుగు మూలల నుంచి నాలుగు గొలుసులు, ముందువి ముందుకీ వెనకవి వెనక్కీ లాగేలా, ట్రాక్టరు చట్రానికీ ఇరుసుకూ మాత్రమే కట్టాలి. స్టీరింగు కడ్డీలకు తగిలించకూడదు. రోటవేటర్‌కూ గొర్రుకూ వేరే రాట్చెట్ బెల్టులు వేయాలి. హ్యాండ్‌బ్రేకు, గేరు, బానెట్ గొళ్ళెం చూసుకోండి. హుక్కు కింద రక్షణ గొలుసులు రెండూ ఒకదానిమీదొకటి అడ్డంగా దాటాలి. అప్పుడు హుక్కు ఊడినా ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ ఊయలలో ఆగుతుంది.

పాత ట్రైలరు కొంటుంటే టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. ట్రైలరు టైర్లు గట్లు అరగకుండానే ఎండకు పగుళ్ళిస్తాయి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరుకు సొంత రిజిస్ట్రేషను ఉండాలి. అది లేనిదాన్ని చవకగా వస్తోందని తీసుకోకండి. అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయల నుంచి మొదలవుతుంది, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

నగరం దాటేవరకు వానతో మరింత జాగ్రత్త. 2023 మే నెలలో బెంగళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నీళ్ళలో కారు చిక్కుకుని మన తెలుగు యువతి ఒకరు చనిపోయారు. వెనక ట్రైలరు ఉన్న బండిని నీళ్ళలోంచి వెనక్కి తీయడం ఇంకా కష్టం. మబ్బు పట్టిన రోజున చుట్టుదారి అయినా సరే అండర్‌పాస్ లేని దారే పట్టండి. ఊళ్ళ దగ్గర రంగు వేయని స్పీడు బ్రేకర్లకు ట్రైలరు అడుగు తగులుతుంది, నెమ్మదిగా దాటండి. మేము 40 దాటము, చీకట్లో బయల్దేరము.

మొదటి పదిహేను కిలోమీటర్లయ్యాక ఒకసారి, గౌరీబిదనూరులో మరోసారి ఆగి గొలుసులు లాగి చూస్తాం. చక్రం మధ్య భాగం దగ్గరికి అరచెయ్యి తెచ్చి వేడి చూస్తాం. ఒకటి మిగతావాటికన్నా బాగా కాలుతుంటే ఆ బేరింగు పోతున్నట్టే. దించేటప్పుడు కూడా ముందు అడ్డుదిమ్మెలు, తోక స్టాండ్లు పెట్టి, ఆ తరువాతే మొదటి గొలుసు విప్పాలి.