‘బై’ అంటే ‘కల్లా’, ‘టిల్’ అంటే ‘దాకా’

మెయిల్‌లో ‘బై ఫ్రైడే’ అంటే శుక్రవారానికల్లా. గురువారమే ఇచ్చేసినా తప్పులేదు. ‘టిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా సాగేది. ‘ఐ విల్ సెండ్ ది ఫైల్ టిల్ ఫ్రైడే’ అని రాస్తే రోజూ పంపుతూనే ఉంటానన్నట్టు వినిపిస్తుంది. ‘శుక్రవారం వరకు ఇచ్చేస్తా’ అనే మన వాడుక నుంచి వచ్చిన పొరపాటిది. అనుమానముంటే మనసులో ‘కల్లా’ పెట్టి చూడండి, అతికితే ‘బై’. గంట కూడా రాయండి: ‘బై 5 పీఎం ఫ్రైడే’.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. 500 రూపాయల వస్తువు ‘రిడ్యూస్డ్ బై 200’ అయితే 300కి వస్తుంది, ‘రిడ్యూస్డ్ టు 200’ అయితే 200కే. బిల్లు కట్టేటప్పుడు తేడా వంద!

ప్రయాణానికైతే ‘బై బస్’ చాలు, మధ్యలో ‘ది’ వద్దు. నడకకు మాత్రం ‘ఆన్ ఫుట్’.