పిల్లల టిక్స్‌కి చైనీస్ వైద్యం ట్రై చేద్దామనుకుంటున్నారా, ముందు ఒక నోట్‌బుక్ కొనండి

పిల్లాడు ఉన్నట్టుండి కళ్ళు టపటపా కొట్టడం, భుజం ఎగరెయ్యడం, గొంతులో ఖుమ్ ఖుమ్ అనడం, అంటే టిక్స్, మొదలుపెడితే ఇంట్లో అందరూ చేసే మొదటి పని "ఆపరా" అనడం. మేమూ అదే చేశాం, అన్న ప్రతిసారీ మా వాడు ఇంకో నాలుగు ఎక్కువ కొట్టేవాడు. తుమ్ము వచ్చే ముందు ముక్కు సురసురలాడినట్టు లోపల ఏదో వస్తుంది, చేసేస్తే పోతుంది, కాసేపు ఆపుకోగలరు గానీ ఎంతసేపని. కాబట్టి ముందు మీరు ఆపమనడం ఆపెయ్యండి.

తర్వాత పిల్లల న్యూరాలజిస్ట్‌కి చూపించండి, చైనీస్ డాక్టర్ దగ్గరికి అది అయ్యాకే. ఫోన్‌లో వీడియో తీసుకెళ్ళండి, ఎందుకంటే క్లినిక్‌లో కూర్చున్న అరగంటా ఒక్క టిక్ కూడా రాదు, మనమే అబద్ధం చెప్తున్నట్టు ఉంటుంది. టిక్ వచ్చేటప్పుడు పిలిస్తే పలుకుతారు. చూపు నిలిచిపోయి పలక్కపోతే అది ఫిట్స్ కావచ్చు, అప్పుడు కషాయాల జోలికి వెళ్ళొద్దు. మామూలుగా టిక్స్ 4–6 ఏళ్ళ మధ్య మొదలై 10–12 ఏళ్ళప్పుడు బాగా ఎక్కువై, టీనేజ్‌లో చాలామందికి తగ్గుతాయి.

ఇక నోట్‌బుక్ సంగతి. టిక్స్ అలల్లా వస్తాయి, పోతాయి. మనం ఎప్పుడూ బాగా ఎక్కువగా ఉన్నప్పుడే కంగారుపడి వైద్యం మొదలెడతాం, మూడు వారాలకి అది ఎలాగూ తగ్గేదే, కానీ పేరు మాత్రం కషాయానికి వస్తుంది. అందుకే ఏ వైద్యమూ మొదలెట్టకముందు ఒక నెల రోజులు, రోజూ ఒకే టైమ్‌లో, హోంవర్క్ చేసేటప్పుడు ఒక పది నిమిషాలు వాడికి తెలియకుండా లెక్కపెట్టి రాయండి. పక్కనే పరీక్షలా, జలుబా, నిద్ర తక్కువైందా అని కూడా ఒక ముక్క రాసుకోండి.

చైనీస్ వైద్యంలో దీన్ని "కాలేయంలో గాలి రేగడం" అంటారు. ఈ కాలేయం మనం బ్లడ్ టెస్ట్ చేయించే లివర్ కాదు, కోపం, కండరాలు, కళ్ళు వీటన్నిటినీ ఏలేదని వాళ్ళ లెక్క. చైనాలో సోంగ్ రాజుల కాలంలో చియెన్ యి అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు, ఆయన వైద్యాన్ని 1119లో పుస్తకంగా కూర్చారు. కాలేయపు గాలి కంట్లోకి దూరి పైకీ కిందికీ పక్కలకీ వీస్తుంటే పిల్లాడు తట్టుకోలేక అదేపనిగా రెప్పలు కొడతాడు అని అందులో ఉంది. కారణం ఒప్పుకోకపోయినా, చూసింది మాత్రం కరెక్ట్‌గా చూశాడు.

టిక్ ఒకటే అయినా మందు ఒకటే కాదు. చిరాకు, ఎర్రటి మొహం, మలబద్ధకం ఉన్నవాడికి ఒకటి, సన్నగా పాలిపోయి అన్నం తిననివాడికి ఇంకొకటి. అందుకే నాలుక చూడకుండా, నాడి పట్టకుండా రెడీమేడ్ ప్యాకెట్ చేతిలో పెట్టేవాళ్ళు వాళ్ళ శాస్త్రాన్నే పాటించడం లేదు, లేచి వచ్చెయ్యండి.

ఎక్కువగా వాడే మూలికలు తియెన్ మా, గౌ తెంగ్, బై షావో. గౌ తెంగ్ అంటే కొక్కేల్లా వంకర తిరిగిన ముళ్ళున్న తీగ కాడ, దాన్ని మిగతావాటితో పాటు వేసి మరిగించకూడదు, చివరి ఐదు పది నిమిషాల్లో వెయ్యాలి, ఎక్కువ మరిగితే దాని పని పోతుంది. 2019లో షావోమా జీజింగ్ అనే గ్రాన్యూల్స్‌కి చైనా ప్రభుత్వం టిక్స్ కోసమే అనుమతి ఇచ్చింది. 2016లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో 603 మంది పిల్లల మీద 8 వారాలు వేరే ఒక మూలికల గ్రాన్యూల్‌ని పరీక్షిస్తే డమ్మీ మందు కంటే బాగా, టిక్స్‌కి డాక్టర్లు ఇచ్చే టియాప్రైడ్ అనే మందుతో సమానంగా పనిచేసింది. కానీ ఈ సబ్జెక్ట్‌లో మిగతా స్టడీలు చాలావరకు చిన్నవి, ఎవరికి ఏ మందు ఇస్తున్నారో అందరికీ తెలిసే చేసినవి, వాటిని చూసి మురిసిపోవద్దు.

భయపడాల్సినవి ఉన్నాయి. ఇంగిలీకం ఉన్న మాత్రలు, అంటే పాదరసం, పిల్లలకి అస్సలు వద్దు. తేలు, జెర్రి పొడులు కూడా రాస్తారు, నేనైతే ఒప్పుకోను. లివర్ వేడి తగ్గించే లాంగ్‌దాన్ షియేగాన్ మాత్రల్లో ఒకప్పుడు కిడ్నీల్ని పాడుచేసే గ్వాన్ మూ తొంగ్ అనే మూలిక ఉండేది, చైనాయే 2003లో దాన్ని ఆపేసింది. కాబట్టి ప్రతి మూలిక పేరూ రాయించుకుని న్యూరాలజిస్ట్‌కి చూపించండి. ముఖ్యంగా పిల్లాడు టిక్స్‌కి డాక్టర్ రాసిన క్లోనిడిన్ అనే మందు వాడుతుంటే, ఎందుకంటే గౌ తెంగ్ కూడా బీపీ తగ్గించేదే. కషాయం మొదలెట్టాం కదా అని క్లోనిడిన్ మీరే ఆపెయ్యకండి, ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగబాకుతుంది.

ఇక ఆక్యుపంక్చర్, అంటే సూదులు గుచ్చే వైద్యం. తల మీద బై హ్వే, మెడ వెనక ఫెంగ్ చి, చేతిలో బొటనవేలు చూపుడువేలు మధ్య హ గూ, పాదం మీద తై చొంగ్, ఎక్కువగా ఇవే. ఒకసారి వాడి పారేసే సూదులేనా అని అడగండి. సూదికి భయపడేవాళ్ళకి చెవి మీద చిన్న గింజలు టేపుతో అంటించి నొక్కమంటారు, మరీ చిన్నపిల్లలైతే పీకి నోట్లో పెట్టుకుంటారు, చూసుకోండి.

ఇంట్లో చెయ్యగలిగేది వెన్ను మర్దన ఒకటుంది. పిల్లాణ్ణి బోర్లా పడుకోబెట్టి, మీ చేతులు వెచ్చగా రుద్దుకుని, వెన్ను కింది చివర రెండు చేతులతో చర్మాన్ని మడతలా పట్టుకుని, వదలకుండా దొర్లించుకుంటూ మెడ దాకా వెళ్ళాలి. ఇలా మూణ్ణుంచి ఐదుసార్లు. చివరి ఒకట్రెండు సార్లు మూడు పట్లకి ఒకసారి మడతని కొంచెం పైకి లాగుతారు. పరగడుపున చెయ్యడం ఆనవాయితీ, తిన్న వెంటనే వద్దు, నొప్పంటే ఆపెయ్యండి. దీంతో టిక్ ఆగిపోతుందని నేను చెప్పను, మా వాడికి మాత్రం కితకితలు, నవ్వుకుంటూ పడుకుంటాడు.

ఇవన్నీ పక్కన చేసేవే. గట్టి ఆధారం ఉన్నది బిహేవియర్ థెరపీకి, టిక్ రాబోతోందని పసిగట్టి దానికి అడ్డుపడే ఇంకో కదలిక నేర్పిస్తారు, 2010లో 126 మంది పిల్లల మీద ట్రయల్ కూడా జరిగింది. దొరికితే అదే ముందు పెట్టుకోండి.

చైనీస్ వైద్యానికి ఒక మూడు నెలలు గడువు పెట్టుకోండి, "ఇంకో కోర్స్ వాడితే సరిపోతుంది" అనే మాట మొదలయ్యేలోపే. గడువు అయ్యాక అదే హోంవర్క్ టైమ్‌లో మళ్ళీ ఒక నెల లెక్కపెట్టి మొదటి నెల పేజీల పక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే మానెయ్యండి.