చిక్కు మాటలు గుర్తుండాలంటే

ఇంగ్లీషులో చిక్కు, గందరగోళం అనే అర్థమొచ్చే పదాలను విడివిడిగా బట్టీ పట్టకండి. మూలం పట్టుకుంటే గుత్తిగా వచ్చేస్తాయి.

లాటిన్‌లో 'ప్లికారె' అంటే మడతపెట్టడం. అన్నీ కలిపి మడిచేస్తే కాంప్లికేట్. మడత విప్పి చూపిస్తే ఎక్స్‌ప్లిసిట్, మడత లోపలే ఉండిపోతే ఇంప్లిసిట్. మనం రోజూ వాడే రిప్లై కూడా ఇక్కడిదే, వెనక్కి మడవడం అని. దీనికి దగ్గరి చుట్టం 'ప్లెక్టెరె', అంటే అల్లడం. కాంప్లెక్స్, పర్‌ప్లెక్స్ దాన్నుంచి వచ్చాయి. 'పర్' అంటే పూర్తిగా, కాబట్టి పర్‌ప్లెక్స్ అయినవాడు నిలువునా చిక్కుకుపోయాడన్నమాట. ఒక్క జాగ్రత్త: సప్లై ఈ కుటుంబం కాదు. అది 'నింపడం' అనే వేరే ధాతువుది.

ఇంట్రికేట్, ఎక్స్‌ట్రికేట్‌ల మూలం 'ట్రికే', అంటే చిక్కులు. 'ఇన్' చేరితే అందులో ఇరుక్కోవడం, 'ఎక్స్' చేరితే బయటపడటం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది క్లూ. పాత ఇంగ్లీషులో అది దారపు ఉండ! గ్రీకు కథలో థీసియస్ అనే వీరుడు క్రీట్ ద్వీపంలోని చిక్కుదారుల భవనంలోకి వెళ్తూ, అక్కడి రాజకుమారి అరియాడ్నె ఇచ్చిన దారం విప్పుకుంటూ పోయాడు. లోపలున్న ఎద్దు తల రాక్షసుడు మినోటార్‌ను చంపి, అదే దారం పట్టుకుని తిరిగొచ్చాడు. అలా దారపు ఉండ కాస్తా దారిచూపే ఆధారమైంది.

డచ్ నుంచి వచ్చిందంటున్న రావెల్‌కు మాత్రం చిక్కుపడటం, చిక్కు విడిపోవడం రెండూ అర్థాలే. వాక్యం చూసి తేల్చుకోవాలి.