పికప్ బండి మనమే చూసుకుందాం – 4వ పాఠం: బండి ఉన్నట్టుండి లాగడం మానేస్తే

ఈ వారం డీజిల్ లైను గురించి చెప్పాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠం తర్వాత వచ్చిన మెసేజ్‌లు చదివాక ముందు ఇది తేల్చుకోవాలనిపించింది. ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌ని ఫోన్ యాప్‌తో కలిపే చిన్న పరికరం) పెట్టి కోడ్, అంటే ఆ కంప్యూటర్ రాసుకున్న తప్పు నంబర్, చదవడం దాదాపు అందరికీ వచ్చింది. చాలామంది చదివిన వెంటనే యాప్‌లో ‘క్లియర్’ బటన్ నొక్కేశారు. చెక్ లైట్ ఆరిపోయింది, బండి మళ్లీ లాగింది. తర్వాత లోడుతో ఎత్తు ఎక్కుతుంటే మళ్లీ దమ్ము పోయింది. అప్పటికి వాళ్ల చేతిలో ఆధారం ఏమీ లేదు, కోడ్ నంబర్ కూడా గుర్తు లేదు. కొందరైతే అడాప్టర్ కూడా వాడకుండా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పెట్టారు. దానివల్ల కూడా చాలా బండ్లలో అదే నష్టం జరగొచ్చు.

కోడ్ చెరిపితే ఏం పోతుందో వివరంగా చెబుతాను. దమ్ము తగ్గిన కేసుల్లో సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

మనం మాట్లాడుతున్నది 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్6 కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన డీజిల్ పికప్‌ల గురించి. వీటిలో టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది), ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది), డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్), వీటన్నిటి మీద కన్నేసి ఉంచే సెన్సర్లు ఉంటాయి. ఇరవై వేల కిలోమీటర్లు కూడా తిరగని బండిలో రింగులు, పిస్టన్లు అరిగిపోయే అవకాశం చాలా తక్కువ. అలాంటి బండి ఒక్కసారిగా డల్ అయి, ఇంజన్ రెండున్నర, మూడు వేల ఆర్పీఎం దాటకపోతే, ఎక్కువసార్లు ఇంజన్ పాడైనట్టు కాదు. ఏదో లెక్క తేడాగా కనిపించి ఈసీయూనే, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటరే, కావాలని పవర్ కోసేసింది. లింప్ మోడ్ అంటే అదే. కాబట్టి దమ్ము ఎందుకు పోయిందని అడగడం కంటే, ఈసీయూ ఏ లెక్క చూసి కోసిందని అడిగితే దారి త్వరగా దొరుకుతుంది.

ఆ లెక్క ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎంత ఆర్పీఎంలో ఉంది, బండి ఎంత స్పీడులో ఉంది, కూలెంట్ ఎంత వేడి మీద ఉంది, ఇంజన్ మీద ఎంత లోడు ఉంది, చాలా బండ్లలో మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) ఎంత చూపించింది, ఇవన్నీ ఈసీయూ ఒక్కసారి రాసి పెట్టుకుంటుంది. క్లియర్ నొక్కితే కోడ్‌తో పాటు ఇదీ చెరిగిపోతుంది. దానితో పాటు ఈసీయూ తనంతట తాను చేసుకునే పరీక్షలు, అంటే రెడీనెస్ మానిటర్లు, మళ్లీ మొదటికి వస్తాయి. బండి వారంటీలో ఉంటే ఇంకో నష్టం కూడా ఉంది. మీరు సర్వీసుకి వెళ్లేసరికి సిస్టమ్‌లో ఏమీ ఉండదు. వాళ్లు స్కానర్ పెట్టి చూసి ‘ఫాల్ట్ ఏమీ లేదు’ అని జాబ్ కార్డు మీద రాస్తారు. అది అబద్ధం కూడా కాదు, ఆధారం చెరిపింది మనమే. అదే సమస్య వారంటీ అయిపోయాక ముదిరితే, ఇది మొదటి నుంచీ ఉందని చెప్పడానికి మీ దగ్గర కాగితం ముక్క ఉండదు.

అందుకని కోడ్ పేజీ, పెండింగ్ కోడ్ల (ఇంకా ఖాయం కాని కోడ్ల) పేజీ, ఫ్రీజ్ ఫ్రేమ్ పేజీ మూడూ స్క్రీన్‌షాట్ తీయండి. మీటర్ బోర్డు ఫొటో తీయండి, కిలోమీటర్లు, వెలిగిన లైట్లు అందులో కనబడాలి. ఎంత లోడు ఉంది, ఎక్కడ, ఏ గేరులో ఉండగా పోయింది అనేది పక్కన రాయండి. నేనైతే ఇప్పటికీ డ్యాష్ బోర్డులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుంటాను. ఫోన్‌లో వెతకడం కంటే అదే తేలిక.

బండిని పక్కకు ఆపాక ఒక పరీక్ష మాత్రం చేయొచ్చు. కీ ఆఫ్ చేసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేయండి. దమ్ము పూర్తిగా వచ్చి, లోడు పడగానే మళ్లీ పోతే, ఈసీయూ కోస్తోందన్నది దాదాపు ఖాయం. తేడా ఏమీ లేకపోతే తప్పు ఇంకా అలాగే ఉండి ఉండొచ్చు, లేదా కారణం ఈసీయూ బయట ఉండొచ్చు. ఆయిల్ ప్రెషర్ లైట్ వెలిగినా, టెంపరేచర్ ముల్లు పైకి పోయినా మాత్రం ఈ పరీక్ష వద్దు, బండి కదిలించకండి. క్లచ్ జారడం, బ్రేక్ పట్టేసి వీల్ వేడెక్కడం మీకు తెలిసినవే, వాటి మీద ఆగను.

ఇప్పుడు కోడ్ ఉన్నవాళ్ల సంగతి. ఎక్కువమందికి వచ్చినది పి0299. యాప్‌లో దాని పక్కన ‘టర్బో అండర్‌బూస్ట్’ అని కనబడేసరికి, టర్బో పోయిందని కంగారు పడి రేట్లు కనుక్కున్నారు. కోడ్ చెప్పేది ఒక్కటే. రావాల్సినంత గాలి ఒత్తిడి రాలేదు. ఎందుకు రాలేదన్నది అది చెప్పదు. ఎయిర్ ఫిల్టర్ చోక్ అయినా, హోస్ పైపు జాయింట్‌లో గాలి లీకైనా, టర్బోని అదుపు చేసే యాక్చుయేటర్‌కి వెళ్లే సన్నటి వాక్యూమ్ పైపుని ఎలుక కొరికినా, ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఉండిపోయినా, సైలెన్సర్ వైపు అడ్డం పడినా, సెన్సరే తప్పు చెప్పినా ఇదే కోడ్ రావొచ్చు. టర్బో ఈ వరసలో చివరిది, కొత్త బండిలో మరీ చివరిది.

చిత్తూరు వైపు నుంచి ఒకరు క్లియర్ నొక్కకుండా ఫ్రీజ్ ఫ్రేమ్ పంపారు. ఈ పాఠానికి అదే పనికొచ్చింది. మామిడి లోడుతో మొగిలి ఘాట్ ఎక్కుతూ ఉండగా పడిన కోడ్ పి0299. ఆర్పీఎం 2,300, స్పీడు 38, కూలెంట్ 88 డిగ్రీలు, మ్యాప్ 128 కిలోపాస్కల్. ఇంజన్ వేడి మామూలుగానే ఉంది, కాబట్టి వేడెక్కి పవర్ కోసింది కాదు. ఇక మ్యాప్ చూడండి. ఇది బయటి గాలితో కలిపి చూపే లెక్క. ఇంజన్ ఆపి కీ మాత్రం ఆన్ చేస్తే మ్యాప్ సెన్సర్ ఆ ఊరి గాలి ఒత్తిడినే చూపాలి. విశాఖలో దాదాపు 101, హైదరాబాద్‌లో దాదాపు 95, మదనపల్లెలో దాదాపు 93. ఇంజన్ ఆపి ఉన్నప్పుడే ఇది 120 చూపిస్తే సెన్సర్‌నో దాని వైరింగ్‌నో అనుమానించాలి. ఈ బండిలో అక్కడి ఎత్తుకు తగ్గట్టే 95 చూపింది, సెన్సర్ మీద నమ్మకం కుదిరింది. అంటే నిండు లోడులో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు టర్బో అదనంగా ఇచ్చింది 33 మాత్రమే. ఇలాంటి ఇంజన్లు ఆ పరిస్థితిలో మొత్తం రెండు వందల దాకా వెళ్లాలి.

అప్పుడాయన బానెట్ ఎత్తి, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, పైపుల దగ్గర చెవి పెట్టి విన్నారట. ఏమీ వినపడలేదన్నారు. వినపడదు. ఐడిల్‌లో బూస్ట్, అంటే టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి, దాదాపు ఉండదు కాబట్టి లీకూ బయటపడదు. నిలబెట్టిన బండిని రేజ్ చేసినా లోడు లేకుండా బూస్ట్ సరిగ్గా రాదు. ఐడిల్‌లో వెతికి ‘అంతా బాగుంది’ అనే తీర్పు మీద నాకు నమ్మకం లేదు.

నేను చేసే పని ఇది. ఇంజన్ చల్లారాక, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేదానికి), అక్కడి నుంచి ఇంజన్‌కి వెళ్లే ప్రతి జాయింటునీ పాత తెల్ల బనియన్ గుడ్డతో దుమ్ము లేకుండా తుడుస్తాను. తర్వాత లోడుతో ఒక ఎత్తు ఎక్కించి వచ్చి, చల్లారాక మళ్లీ చూస్తాను. టర్బో పైపుల్లో సన్నటి ఆయిల్ ఆవిరి ఎప్పుడూ కొంత ఉంటుంది. ఎక్కడ గాలి లీకవుతుందో అక్కడ అది బయటికి చిమ్మి, తుడిచిన చోట తడి చారలా కనబడుతుంది. చిత్తూరు బండిలో ఇంటర్‌కూలర్ నుంచి బయటికొచ్చే పైపు దగ్గర, క్లాంపు కిందివైపు, చిటికెన వేలంత నల్లటి తడి కనబడింది. క్లాంపు సరిగ్గా గాడిలో కూర్చోలేదు. లోడు పడినప్పుడు మాత్రమే పైపు కాస్త జరిగి గాలి వదిలేస్తోంది. దాన్ని గాడిలో కూర్చోబెట్టి బిగించాక అదే ఎత్తులో మ్యాప్ 205 చూపింది. కోడ్ చెరపాల్సింది అప్పుడే.

బండి వారంటీలో ఉంటే ఆ తడి చార ఫొటో తీసి, ఆ క్లాంపు పని సర్వీసులోనే చేయించండి. ఫొటో ఉంటే మాట తేలిగ్గా సాగుతుంది. కంప్రెసర్ గాలి పట్టి లీకు చూసేవాళ్లు ఒత్తిడిని ఒక బార్ దాటనివ్వకండి. టైరుకి పట్టినట్టు పడితే ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ మూతలు పగులుతాయి.

ఏ కోడూ లేకుండా దమ్ము తక్కువగా ఉందని రాసినవాళ్లు ముందు కాళ్ల కింద చూడండి. కొత్త బండికి మందపాటి మ్యాట్ వేయిస్తారు. అది యాక్సిలరేటర్ కింద మడత పడితే పెడల్ పూర్తిగా కిందికి దిగదు. మ్యాట్ తీసి ఒకసారి, వేసి ఒకసారి పూర్తిగా తొక్కి, యాప్‌లో పెడల్ పొజిషన్ ఎంత వస్తుందో పోల్చండి.

డీపీఎఫ్ గురించి ప్రస్తుతానికి ఒక్క మాట. రోజూ ఊళ్లోనే ఆగుతూ కదులుతూ తిరిగే బండిలో, లోపలి మసిని కాల్చడానికి కావాల్సిన వేడి రాదు. ఆ పనికి దాదాపు 600 డిగ్రీలు కావాలి. మసి నిండితే పి2463 వస్తుంది, దమ్ము తగ్గుతుంది. డీపీఎఫ్ పీకేసి ఖాళీ పైపు పెడతామనేవాళ్లకు ఒప్పుకోకండి. వారంటీ పోతుంది, చట్టంతోనూ చిక్కే.

ఈసారి అభ్యాసానికి సమయం పడుతుంది. బండి బాగున్నప్పుడే చేయాలి. మీ ఊరి దగ్గర, ట్రాఫిక్ లేని ఒకే ఎత్తు ఎంచుకోండి. ఖాళీగా ఒకసారి, మామూలు లోడుతో ఒకసారి, మూడో గేరులో 1,500 ఆర్పీఎం నుంచి 3,000 దాకా పూర్తిగా తొక్కి ఎక్కించండి. పక్కన ఒకరు కూర్చుని ఆర్పీఎం, మ్యాప్, యాప్ చూపిస్తే రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి) రికార్డు చేయాలి. నడిపేవాళ్లు ఫోన్ వైపు చూడకూడదు. ఈ అంకెలు చేతిలో ఉంటే రేపు తేడా వచ్చినప్పుడు దేనితో పోల్చాలో తెలుస్తుంది.

తర్వాత ఈ మూడింటికి జవాబులు రాసి పంపండి, కారణంతో సహా.

మొదటిది: హైదరాబాద్‌లో ఇంజన్ ఆపి చూస్తే మ్యాప్ 95. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు 2,600 ఆర్పీఎంలో మ్యాప్ 215, రైల్ ప్రెషర్ ఐడిల్‌లో 300 బార్, ఎత్తులో 620 దాటడం లేదు. కోడ్ పి0087. టర్బో వైపు వెతకాలా, డీజిల్ వైపా?

రెండోది: కోడ్ లేదు. ఎత్తులో మ్యాప్ 150 దగ్గరే ఆగింది. పెడల్ పూర్తిగా తొక్కానంటున్నారు, యాప్‌లో పెడల్ 64 శాతం. అదే బండి కొన్న కొత్తలో 100 చూపింది.

మూడోది: ఊళ్లో పాల ప్యాకెట్లు వేసే బండి. కోడ్ పి2463. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటి ఉంది, వాసన చూస్తే డీజిల్ వాసన. ఎవరో ‘హైవే మీద గట్టిగా తోలు, సరిపోతుంది’ అన్నారు. ఆయిల్ ఎందుకు పెరిగింది, ఆ బండిని ఇప్పుడు హైవే ఎక్కించవచ్చా?