చలి దేశంలో కారు ఇంజినుకు బ్లాక్ హీటర్ వాడే పద్ధతి

విన్నిపెగ్, ఎడ్మంటన్ వంటి కెనడా నగరాలకు కొత్తగా చేరిన తెలుగువారికి అక్కడి కార్ల ముందుభాగంలో వేలాడే ప్లగ్గు వింతగా తోచవచ్చు. అది ఇంజినులో అమర్చిన బ్లాక్ హీటరుకు చెందినది. ఈ చిన్న హీటరు కూలెంటులో, అంటే ఇంజినును చల్లబరిచే ద్రవంలో, మునిగి ఉండి దాన్ని వేడి చేస్తుంది. వేడెక్కిన ద్రవం పైకి, చల్లనిది కిందికి కదులుతూ ఇంజిను లోహానికి వేడిని అందిస్తాయి. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాటరీ సామర్థ్యం దాదాపు సగానికి పడిపోతుంది, ఆయిల్ చిక్కబడి ఇంజిను తిరగడానికి మరింత బలం కావలసి వస్తుంది; అందుకే ఆ చలిలో ఈ హీటరు ఎంతో అవసరం.

అయితే మొదట చూడవలసింది కూలెంటునే. అందులో యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం), నీరు సమపాళ్లలో ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. నీటి పాలు ఎక్కువైతే అది గడ్డకట్టి, వ్యాకోచించి, ఇంజినునే పగలగొట్టగలదు. రాత్రి కరెంటు పోతే హీటరు కాపాడలేదు కనుక చలికాలానికి ముందే మెకానిక్కు చేత పరీక్ష చేయించాలి.

చలి మైనస్ 15 దాటితే హీటరు వాడడం మంచిది. రాత్రంతా పెట్టి ఉంచనక్కరలేదు. బయలుదేరడానికి మూడు గంటల ముందు మొదలయ్యేలా, ఆరుబయట వాడదగిన టైమరు పెట్టుకుంటే సాధారణంగా చాలు. 400 వాట్ల హీటరు మూడు గంటలకు 1.2 యూనిట్లు తీసుకుంటుంది, పన్నెండు గంటలకైతే 4.8.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది ఎక్స్‌టెన్షన్ తీగ విషయంలో. గదిలో దీపానికి వాడే సన్నని తీగను దీనికి ఎన్నడూ తగిలించకూడదు, ఎందుకంటే గంటల తరబడి ప్రవహించే కరెంటుకు అది వేడెక్కి అంటుకోవచ్చు. ఆరుబయటి వాడకానికని ముద్రించి ఉన్న, మూడు పిన్నుల, 14 గేజ్ లేదా అంతకన్నా మందమైన తీగ కొనండి. గేజ్ సంఖ్య తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుందని గుర్తుంచుకోండి. దాన్ని చుట్టగా ఉంచక పూర్తిగా విప్పి పరచాలి, ప్లగ్గులు కలిసే చోటు మంచులో కూరుకుపోకుండా చూడాలి. ముందు కారుకు, తరువాత గోడకు తగిలించి, తీసేటప్పుడు గోడ నుంచే మొదలుపెట్టాలి. ప్లగ్గు చేతికి వేడిగా తగిలితే ఆ తీగను ఇక వాడకండి.

హీటరు పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి, గోడ నుంచి ప్లగ్గు తీసిన తరువాత, మల్టీమీటరుతో దాని రెండు చదును పిన్నుల మధ్య నిరోధం కొలవండి. 120 వోల్టుల 400 వాట్ల హీటరుకు అది 36 ఓముల దరిదాపుల్లో ఉండాలి. అసలు రీడింగే రాకపోతే తీగో హీటరో తెగి ఉండవచ్చు.

పడవ సంగతి వేరు. పెట్రోలు ఇంజిను గదిలో పెట్రోలు ఆవిరి పేరుకోవచ్చు కనుక ఇంటి హీటరు అక్కడ ప్రమాదకరం, నిప్పురవ్వ రాని రకానిదే పెట్టాలి. అది కూడా శరదృతువులోని చలి రాత్రులకు మాత్రమే; సరస్సు గడ్డకట్టే ముందే పడవను ఒడ్డుకు చేర్చి, ఇంజినులోని సరస్సు నీటిని పూర్తిగా తీసేసి, ప్రొపిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ నింపాలి.