ప్లే కాలింగ్ నిజంగా బాగాలేదా? అమెరికన్ ఫుట్‌బాల్ అఫెన్స్: సమస్య - పరిష్కారం

డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు పిచ్చి పట్టినవాళ్లు తక్కువేం కాదు. ఆ జట్టు హెడ్‌క్వార్టర్స్ ఫ్రిస్కోలోనే ఉంది మరి. ఆట ఓడిపోగానే వాట్సాప్ గ్రూపులో పడే మొదటి మెసేజ్ ఏమిటో అందరికీ తెలుసు: "ప్లే కాలింగ్ (ఏ ఎత్తు ఎప్పుడు ఆడాలో ఎంచుకోవడం) దరిద్రం." నిజమే కావచ్చు. కానీ ఏ డౌన్‌లో, ఏ ఫార్మేషన్‌లో (ఆటగాళ్లు నిలబడే తీరులో), ఎందుకు దరిద్రం అని అడిగితే అవతల నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. టచ్‌డౌన్ వస్తే కోచ్ మేధావి, రాకపోతే బుర్రలేనివాడు. ఫలితం చూశాక మార్కులు వేస్తే ఇలాగే ఉంటుంది.

బంతి కదలకముందు, అంటే స్నాప్‌కి ముందు, కనిపించింది ముందు రాసుకోండి, ఏం జరిగిందన్నది తర్వాత చూడండి. కింద చెప్పేదంతా ఈ పద్ధతి మీదే నడుస్తుంది. నాలుగు డౌన్లు, 10 యార్డులు అన్న బేసిక్స్ తెలిసినవాళ్లకే ఇది.

సమస్య: స్నాప్ అయ్యేలోపు ఏ ఫార్మేషనో పట్టుకోలేకపోతున్నా

కారణం రెండు రకాలు. ఒకటి, చూపంతా క్వార్టర్‌బ్యాక్ మీదే ఉండటం. రెండోది, పేర్ల వెంట పడటం. ట్రిప్స్, బంచ్, ఏస్ అంటూ బట్టీ పట్టినా లాభం లేదు. ఒకే ఫార్మేషన్‌ని ఒక్కో జట్టు ఒక్కో పేరుతో పిలుచుకుంటుంది.

పేర్లు వదిలేసి లెక్కతో మొదలుపెట్టండి. 11 మందిలో ఐదుగురు లైన్‌మెన్, ఒకరు క్వార్టర్‌బ్యాక్. వీళ్లు మామూలుగా మారరు. మిగతా ఐదుగురే అసలు కథ. వాళ్లలో రన్నింగ్ బ్యాక్‌లు (బంతి తీసుకుని పరుగెత్తేవాళ్లు) ఎంతమంది, టైట్ ఎండ్‌లు (లైన్ పక్కన నిలబడి అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసేవాళ్లు) ఎంతమంది అన్నది రెండు అంకెలుగా రాయండి. 11 అంటే ఒక బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు వైడ్ రిసీవర్లు. 12 అంటే ఒక బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లు, ఇద్దరు రిసీవర్లు. 22 అంటే ఇద్దరు, ఇద్దరు, రిసీవర్ ఒక్కడే. దీన్నే పర్సనెల్ గ్రూపింగ్ అంటారు, అంటే మనుషుల కూర్పు.

తర్వాత క్వార్టర్‌బ్యాక్ ఎక్కడున్నాడో చూడండి. బంతి అందించే సెంటర్ వెనకే చేతులు పెట్టి నిలబడితే అండర్ సెంటర్. ఐదు యార్డులు వెనక ఉంటే షాట్‌గన్. నాలుగు యార్డుల దగ్గర నిలబడి, బ్యాక్ తన వెనకే ఉంటే పిస్టల్. ఈ పిస్టల్‌ని నెవాడా యూనివర్సిటీలో కోచ్ క్రిస్ ఆల్ట్ 2005లో మొదలుపెట్టాడు. చివరిగా కుడివైపు ఎంతమంది, ఎడమవైపు ఎంతమంది రిసీవర్లు. 3-1 లేదా 2-2. అంతే.

నోట్‌బుక్‌లో ఒక వరుస ఇలా ఉంటుంది: "1వ డౌన్, 10, సొంత 25, 12, అండర్, 2-2, మోషన్ ఎడమ నుంచి కుడికి, నా అంచనా రన్." ఫలితం గడి ఖాళీగా ఉంచండి, ఆట అయ్యాక నింపుకోవచ్చు. మోషన్, అంటే స్నాప్‌కి ముందు ఒక ఆటగాడు కదలడం. ఆ గడి అక్కర్లేదనిపిస్తుంది గానీ వదలకండి. కదిలిన రిసీవర్ వెంట డిఫెండర్ కూడా పరుగెత్తాడంటే చాలావరకు మ్యాన్ కవరేజ్, అంటే ఒక్కో రిసీవర్‌కి ఒక్కో డిఫెండర్. ఎవరి చోట్లో వాళ్లు కాస్త సర్దుకుని ఊరుకున్నారంటే జోన్, అంటే ఎవరి చోటు వాళ్లు కాయడం. ఆ ముక్క తెలుసుకోవడానికే చాలాసార్లు కోచ్ ఆ మనిషిని కదిపిస్తాడు.

సమస్య: ఏం ఆడబోతున్నారో ఇంట్లో కూర్చున్న నాకే తెలిసిపోతోంది

ముందు ఇది నిజమో కాదో తేల్చుకోవాలి. "ఫస్ట్ డౌన్ వస్తే చాలు రన్నే" అనే ఫిర్యాదు వింటుంటాం. లెక్క తీస్తే సగమే రన్ అని తేలిన సందర్భాలు బోలెడు. ఆగిపోయిన రన్‌లే మనసులో ఉండిపోతాయి కదా. మీ వరుసల్ని పర్సనెల్, క్వార్టర్‌బ్యాక్ స్థానం, డౌన్ ప్రకారం విడగొట్టండి. "12, అండర్, ఫస్ట్ డౌన్" అన్న గడిలో పదికి తొమ్మిది రన్‌లు ఉంటే నిజంగానే గుట్టు రట్టయినట్టు. మీకు తెలిసింది ఎదుటి కోచ్‌కి తెలియకుండా ఉండదు.

పరిష్కారం అనగానే కొత్త ఫార్మేషన్లు కావాలనుకుంటారు. సాధారణంగా అక్కర్లేదు. ఉన్న ఫార్మేషన్‌లోంచే రెండో దారి చూపిస్తే చాలు. అదే 12, అదే అండర్ సెంటర్, లైన్ కూడా రన్‌కి కదిలినట్టే కదిలి, క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చినట్టు నటించి పాస్ వేస్తే అది ప్లే యాక్షన్. దీనికి ముందు రన్ బాగా నడిచి తీరాలని కామెంటేటర్లు చెబుతుంటారు. ప్లేల డేటా తవ్విన విశ్లేషకులకు మాత్రం ఆ సంబంధం కనిపించలేదు. లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ లైన్ వెనక నిలబడేవాడు) ముందుకు అడుగు వేసేది కళ్ల ముందు కదలిక చూసి, స్కోర్‌బోర్డులో రన్ సగటు చూసి కాదు.

ఇక్కడ ఒక కేసు విడిగా చెప్పుకోవాలి. 2018 లాస్ ఏంజెలెస్ రామ్స్. కోచ్ షాన్ మెక్‌వే. ఆ సీజన్‌లో వాళ్లు పదిలో ఎనిమిది స్నాప్‌లకు పైగా 11 పర్సనెల్‌తోనే ఆడారు. అంటే ఎవరు మైదానంలోకి వస్తారో అందరికీ తెలుసు. అయినా 16 ఆటల్లో 527 పాయింట్లు కొట్టారు. ఎందుకంటే మనుషులు వాళ్లే, నిలబడే తీరు అదే, మోషన్ అదే, కానీ దానిలోంచి రన్, ప్లే యాక్షన్, స్క్రీన్ (అడ్డుకునేవాళ్లను ముందు పెట్టుకుని వేసే చిన్న పాస్) అన్నీ వచ్చేవి. పర్సనెల్ మారకపోవడం వేరు, గుట్టు తెలిసిపోవడం వేరు.

మరి వాళ్లు ఎక్కడ ఆగారు? 2018 డిసెంబర్ 9న షికాగో బేర్స్ ఆరుగురిని లైన్ మీద నిలబెట్టి, బయటివైపు రన్‌కి దారి మూసేసింది. 15-6తో గెలిచింది. 2019 ఫిబ్రవరి 3న అట్లాంటాలో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే సీజన్ ఫైనల్‌లో, పేట్రియట్స్ కూడా ఆరుగురిని ముందు పెట్టింది, సీజన్ అంతా ఎక్కువగా మ్యాన్ ఆడిన జట్టు కాస్తా వెనక జోన్‌కి మారిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలాక కోచ్‌కీ క్వార్టర్‌బ్యాక్‌కీ మధ్య రేడియో ఆగిపోతుంది. ఆ తర్వాత డిఫెన్స్ వేషం మారిస్తే చెప్పేవాడు ఉండడు. రామ్స్‌కి వచ్చింది 3 పాయింట్లే.

అదే ఆటలో అవతలి అఫెన్స్ ఏం చేసిందో చూస్తే మందు కూడా దొరుకుతుంది. నాలుగో క్వార్టర్, 3-3. పేట్రియట్స్ ఇద్దరు టైట్ ఎండ్‌లు, ఇద్దరు బ్యాక్‌లతో, అంటే 22తో వచ్చింది. రన్ వస్తుందని రామ్స్ బరువైన మనుషుల్ని దింపింది. తీరా చూస్తే ఫుల్‌బ్యాక్‌తో (దారి తీసే బరువైన బ్యాక్‌తో) సహా అందరూ వెడల్పుగా పరుచుకున్నారు, క్వార్టర్‌బ్యాక్ పక్కన ఎవరూ లేరు. పాస్ ఆపడానికి లైన్‌బ్యాకర్లు మిగిలారు. దాదాపు అదే ప్లే వరసగా మూడుసార్లు ఆడారు. 13, 7, 29 యార్డులు. ఆ తర్వాత 2 యార్డుల రన్, ఆ ఆట మొత్తానికీ ఒకే ఒక్క టచ్‌డౌన్. చివరికి 13-3. పర్సనెల్ ఒక కథ చెప్పాలి, ఫార్మేషన్ ఇంకో కథ చెప్పాలి. మీ నోట్‌బుక్‌లో ఈ రెండు గడులూ వేరువేరుగా ఎందుకుండాలో ఈ డ్రైవ్ చూస్తే తెలుస్తుంది.

సమస్య: రన్ వేసిన ప్రతిసారీ గోడకి గుద్దుకున్నట్టే

లైన్‌మెన్‌ని తిట్టేముందు బాక్స్ లెక్కపెట్టండి. లైన్ మధ్యభాగానికి దగ్గరగా ఎంతమంది డిఫెండర్లు నిలబడ్డారన్నదే బాక్స్ లెక్క. 11 పర్సనెల్‌లో టైట్ ఎండ్ లైన్ పక్కనే నిలబడితే అడ్డుకునేవాళ్లు ఆరుగురు. బాక్స్‌లో ఆరుగురే ఉంటే రన్ న్యాయమైన ఆట. ఎనిమిది మంది ఉన్నా రన్ వేసి ఒక్క యార్డు తెచ్చుకుంటే తప్పు ప్లే పిలిచినవాడిది, లేదా లైన్ దగ్గర మార్చని క్వార్టర్‌బ్యాక్‌ది. ఆరుగురే ఉన్నా ఒక్క యార్డే వచ్చిందంటే అప్పుడు లైన్‌మెన్ వైపు చూడండి.

అందరికన్నా వెనక నిలబడే డిఫెండర్లు, సేఫ్టీలు కూడా ఇదే చెబుతారు. వెనక ఇద్దరు లోతుగా నిలబడితే ముందు ఒక మనిషి తక్కువ, రన్‌కి అనుకూలం. ఒక్కడే ఉంటే ఇంకొకడు బాక్స్‌లోకి వచ్చినట్టు. చిక్కేమిటంటే మామూలు టీవీ షాట్‌లో ఆ సేఫ్టీలే కనిపించరు. అందుకే 22 మందినీ పైనుంచి చూపించే ఆల్-22 ఫిల్మ్ కావాలి. దానికి విడిగా డబ్బు కట్టాలి. కట్టనంటే రీప్లే కోణాలతో సరిపెట్టుకోండి, కవరేజ్ గురించి మాత్రం తీర్పులు ఇవ్వకండి.

సమస్య: థర్డ్ డౌన్ వస్తే చాలు, టెన్షన్

మూడో డౌన్‌లో ప్లే తప్పని అందరూ అంటారు. 3వ డౌన్, 11 యార్డులకి ఏ ప్లే పిలిచినా పరమ చెత్తగానే కనిపిస్తుంది. రోగం ఫస్ట్ డౌన్‌లో ఉంటుంది. విశ్లేషకులు వాడే ఒక లెక్క ఉంది: మొదటి డౌన్‌లో కావలసినదాంట్లో 40 శాతం, రెండో డౌన్‌లో మిగిలినదాంట్లో 60 శాతం, మూడు నాలుగు డౌన్లలో మొత్తం వస్తే ఆ ప్లే సఫలం. ఫస్ట్ అండ్ టెన్‌లో 4 యార్డులు వస్తే సఫలం, 3 వస్తే విఫలం. అలా టిక్కులు పెట్టుకుంటూ పోతే డ్రైవ్ ఎక్కడ చచ్చిందో తెలిసిపోతుంది, పంట్ (బంతిని తన్ని ఎదుటివాళ్లకి అప్పగించడం) కంటే రెండు ప్లేల ముందే.

సమస్య: సాక్‌లే సాక్‌లు

పాస్ వేసేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడమే సాక్. వచ్చినవాడిని ఎవరూ ముట్టుకోలేదా? అయితే లెక్క తప్పింది. క్వార్టర్‌బ్యాక్ పక్కన బ్యాక్ లేని ఎంప్టీ ఫార్మేషన్‌లో అడ్డుకునేవాళ్లు ఐదుగురే. ఆరుగురు దూకితే ఒకడు ఖాళీగా వస్తాడు, బంతి వెంటనే చేతిలోంచి పోవాలి. బ్యాక్‌ని లోపలే ఉంచడమో, దగ్గర పాస్ ఇవ్వడమో చేస్తే సరిపోతుంది. అడ్డుకునేవాడు ఎదురుగా ఉన్నా ఓడిపోయాడా? అది ఆటగాడి సమస్య, ప్లే కాలర్‌ది కాదు. నలుగురే దూకారు, ఎవరూ త్వరగా రాలేదు, అయినా క్వార్టర్‌బ్యాక్ పడిపోయాడా? రిసీవర్లు ఖాళీ కాలేదు, లేదా ఖాళీ అయినవాడిని అతను చూడలేదు. అది తేల్చాలంటే మళ్లీ ఆల్-22 కావాలి.

సమస్య: ఒక్క యార్డు ఉంటే పాస్ వేస్తారా ఎవరైనా!

2015 ఫిబ్రవరి 1 నాటి సూపర్ బౌల్ గురించి ఇప్పటికీ ఇదే మాట. పేట్రియట్స్‌పై సీహాక్స్ 28-24తో వెనకబడి ఉంది. సెకండ్ డౌన్, గోల్ లైన్‌కి ఒక యార్డు, 26 సెకన్లు, ఒకే టైమ్ అవుట్. మార్షాన్ లించ్ లాంటి బ్యాక్ ఉండగా క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ పాస్ వేశాడు. పేట్రియట్స్ డిఫెండర్ మాల్కమ్ బట్లర్ దాన్ని లాక్కున్నాడు.

ఫలితం మూసేసి చూడండి. మూడు డౌన్లు మిగిలాయి, టైమ్ అవుట్ ఒకటే. రన్ ఆగితే గడియారం నడుస్తూనే ఉంటుంది. కాబట్టి మూడూ రన్‌లే వేయడానికి టైమ్ సరిపోదు, ఎక్కడో ఒకచోట పాస్ వేయాలి. పాస్ కింద పడితే గడియారం దానంతట అదే ఆగుతుంది. సెకండ్ డౌన్‌లో పాస్ అన్న ఆలోచనలో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

నాకైతే తప్పు ఫార్మేషన్‌లో కనిపిస్తుంది. కుడివైపు ఇద్దరు రిసీవర్లు ఒకరి వెనక ఒకరు. ముందున్న కెర్స్ దారి ఇస్తే వెనకున్న లాకెట్ లోపలికి దూసుకురావాలి. పేట్రియట్స్ ఆటగాడు బ్రాండన్ బ్రౌనర్ ఆ ముందువాడిని కదలనివ్వలేదు. ఈ నిలబడే తీరుని ప్రాక్టీస్‌లో చూసి ఉన్న బట్లర్ ముందే పసిగట్టాడు. పాస్ మధ్యకి, జనం కిక్కిరిసిన చోటికి వెళ్లింది. అదే పాస్ ఎండ్ జోన్ మూలకి వేసి ఉంటే పట్టుకుంటే టచ్‌డౌన్, లేకపోతే ఎవరికీ అందకుండా బయటికి. చివరి ఓవర్‌లో యార్కర్ వేయాలన్న నిర్ణయం సరైనదే అయినా ఫుల్ టాస్ పడితే సిక్స్ వెళ్లినట్టు, ఆలోచన ఒకటి, అమలు ఇంకొకటి. నోట్‌బుక్‌లో వీటికి రెండు మార్కులు ఇవ్వండి.

దీనికి తిరగబడిన కేసు 2017 ఫిబ్రవరి 5 నాటి సూపర్ బౌల్. పేట్రియట్స్ మీద ఫాల్కన్స్ 28-20తో ముందుంది, ఐదు నిమిషాల లోపే మిగిలింది, బంతి ఎదుటివాళ్ల 22 దగ్గర. అక్కడి నుంచి ఫీల్డ్ గోల్ (3 పాయింట్లు) దాదాపు 40 యార్డులు. కొడితే తేడా 11, అంటే రెండు స్కోర్ల దూరం. ఒక రన్‌లో ఒక యార్డు పోయింది. తర్వాత పాస్‌కి వెనక్కి వెళ్లి 12 యార్డుల సాక్. ఆ వెంటనే హోల్డింగ్ పెనాల్టీ. చివరికి పంట్, ఓవర్‌టైమ్‌లో 34-28తో ఓటమి. అక్కడ పాస్ పూర్తయి గెలిచి ఉన్నా నేను ఆ కాల్‌కి తక్కువ మార్కులే వేసేవాణ్ని.

సమస్య: యార్డులు బోలెడు, పాయింట్లు లేవు

ఎదుటివాళ్ల 20 లోపలికి వచ్చాక మైదానం కురచ అయిపోతుంది. దూరం పరుగెత్తే రిసీవర్‌కి చోటు ఉండదు, సేఫ్టీలు వెనక్కి చూసుకోవాల్సిన పనిలేదు. మధ్యలో పనిచేసిన లోతు పాస్‌లనే ఇక్కడా పిలుస్తుంటే అదే కారణం. బంచ్‌లా ముగ్గురిని గుంపుగా నిలబెట్టి ఒకరికొకరు అడ్డం పడేలా చేయడం, పరుగెత్తగల క్వార్టర్‌బ్యాక్‌ని కూడా రన్ లెక్కలో కలపడం ఇక్కడ పనికొస్తాయి.

సమస్య: లెక్కలు తీశా, ఎక్కువ రన్ వేసిన రోజే గెలుస్తున్నారు

తిరగేసి చదవండి. గెలుస్తున్నారు కాబట్టి చివర్లో గడియారం కరిగించడానికి రన్ వేస్తున్నారు. మొదటి మూడు క్వార్టర్లే లెక్కలోకి తీసుకోండి, తేడా రెండు స్కోర్లు దాటిన ప్లేలు పక్కన పెట్టండి. 1999 నుంచి ప్రతి ప్లే వివరం ఎన్‌ఎఫ్‌ఎల్‌ఫాస్ట్‌ఆర్ అనే ప్యాకేజీతో ఉచితంగా దొరుకుతుంది, కాస్త కోడింగ్ వచ్చినవాళ్లకి అది శనివారం మధ్యాహ్నం పని. మన వాళ్లలో అదెంతమందికి రాదు గనక!

ఒక్క ఆటలో ఒక జట్టుకి మామూలుగా 60, 65 ప్లేలే ఉంటాయి. వాటిని డౌన్, పర్సనెల్, స్థానం అని విడగొడితే కొన్ని గడుల్లో రెండే మిగులుతాయి. నాలుగైదు ఆటలు కలిపాకే ఏదైనా అనండి. ఇంకో జాగ్రత్త: శాన్ ఫ్రాన్సిస్కో జట్టు కోచ్ బిల్ వాల్ష్ కాలం నుంచి చాలామంది కోచ్‌లు మొదటి 15 ప్లేలు ముందే రాసుకుని వస్తారు. అవి ఎదుటివాడు ఎలా స్పందిస్తాడో చూడటానికి కూడా వేస్తారు కాబట్టి వాటిని వేరే పేజీలో పెట్టి, పదహారో ప్లే నుంచి అలవాట్లు లెక్కపెట్టండి.